బోరు నీళ్లకు సాఫ్టెనర్ పెట్టించే ముందు: హార్డ్‌నెస్ ఎంత, నీళ్లు ఎన్ని, ఉప్పు ఎక్కడికి పోతుంది

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బోడుప్పల్ వైపు జీ ప్లస్ వన్ ఇల్లు. ఇంట్లో ఐదుగురు. బోరు నీళ్లు సంపులోకి వస్తాయి, సంపు నుంచి ఒక హెచ్‌పీ మోటారుతో డాబా మీది వెయ్యి లీటర్ల ట్యాంకుకు ఎక్కుతాయి. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తే వంటకూ తాగడానికీ పట్టుకుంటున్నారు. మూడేళ్లలో గీజర్ కాయిల్ రెండుసార్లు పోయింది, షవర్ చిల్లులు మూసుకుపోయాయి, కొత్త ట్యాపుల మీద తెల్లగా గార కట్టింది. ఒక డీలర్ వచ్చి గ్లాసు నీళ్లలో టీడీఎస్ మీటరు ముంచి 1,150 చూపించి, డాబా మీద ట్యాంకు పక్కనే ఆటోమేటిక్ సాఫ్టెనర్, అంటే గట్టి నీళ్లను మెత్తబరిచే మిషన్, బిగిస్తానన్నాడు. పెట్టించాలా, ఎంత సైజు కావాలి, ఎక్కడ పెట్టాలి అని అడిగారు.

సాఫ్టెనర్ పెట్టించుకోండి, మీ లక్షణాలన్నీ దానికి సరిపోయేవే. కానీ ఆయన చెప్పిన చోట మాత్రం వద్దు. ఇంకో మాట, అడ్వాన్స్ ఇచ్చే ముందు హార్డ్‌నెస్ టెస్టు చేయించండి. నేను ఇరవై రెండేళ్లుగా హైదరాబాద్ చుట్టుపక్కల ప్లంబింగ్, నీటి శుద్ధి మిషన్ల పని చేస్తున్నాను. పాడైన సాఫ్టెనర్ చూడమని పిలిస్తే వెళ్లిన ఇళ్లలో ఎక్కువ చోట్ల మిషన్ బాగానే ఉంటుంది. నీళ్ల లెక్క తప్పో, బిగించిన చోటు తప్పో అయి ఉంటుంది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

టీడీఎస్ మీటరు హార్డ్‌నెస్ చూపించదు. నీళ్లలో కరిగిన అన్ని లవణాల మొత్తాన్ని అది అంచనాగా చెబుతుంది. గీజర్‌లో గార కట్టించేవి ఆ మొత్తంలో కాల్షియం, మెగ్నీషియం. హార్డ్‌నెస్ అంటే నీళ్లలో ఆ రెండూ ఎంత ఉన్నాయన్న లెక్క. టీడీఎస్ 1,100 దగ్గర ఉన్న రెండు బోర్లు నేనే చూశాను, ఒకదానిలో హార్డ్‌నెస్ లీటరుకు 280 మిల్లీగ్రాములు, రెండోదానిలో 700. మొదటి ఇంటికి సరిపోయే మిషన్ రెండో ఇంట్లో రెండు రోజులకే చేతులెత్తేస్తుంది. ఇంకో సంగతి, సాఫ్టెనర్ పెట్టాక కూడా టీడీఎస్ తగ్గదు. అది కాల్షియం, మెగ్నీషియం తీసుకుని వాటి బదులు సోడియం వదులుతుంది కాబట్టి మొత్తం దాదాపు అంతే ఉంటుంది. ఈ విషయం ముందే చెప్పకపోతే, బిగించిన మర్నాడు మీటరు ముంచి చూసుకుని మోసపోయామని టెన్షన్ పడతారు.

టెస్టు పెద్ద పనేం కాదు. చుక్కలు వేసే హార్డ్‌నెస్ కిట్లు ఆన్‌లైన్‌లోనూ, నీటి మిషన్ల సామాన్లు అమ్మే షాపుల్లోనూ దొరుకుతాయి. చిన్న సీసాలో నీళ్లు పట్టి ఇండికేటర్ వేస్తే ద్రాక్షరసం రంగు వస్తుంది. తర్వాత రెండో మందు చుక్క చుక్కగా వేస్తూ పోతే ఒక చుక్క దగ్గర నీలం అయిపోతుంది. ఎన్ని చుక్కలు పడ్డాయో దాన్ని బట్టి అంకె తెలుస్తుంది. ఆ కిట్ ఎలాగూ కొనండి, తర్వాత ప్రతి వారం పనికొస్తుంది. దాంతో పాటు ఒక్కసారి ల్యాబ్ రిపోర్టు కూడా తీసుకోండి. నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో నీళ్లు పరీక్షిస్తారు, ప్రైవేటు ల్యాబులూ ఉన్నాయి. రిపోర్టులో మొత్తం హార్డ్‌నెస్, ఇనుము, పీహెచ్, క్లోరైడు, ఫ్లోరైడు, నైట్రేటు ఉండేలా అడగండి. వీలైతే ఏప్రిల్, మే నెలల్లో పట్టిన నీళ్లు ఇవ్వండి. బోరులో నీటిమట్టం దిగినప్పుడు చాలా చోట్ల హార్డ్‌నెస్ పెరుగుతుంది. వానాకాలం అంకె చూసి మిషన్ కొన్నవాళ్లు వేసవిలో ఇబ్బంది పడతారు.

అంకె వచ్చాక ఎలా చూడాలంటే, తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఇబ్బంది లేదు. వేరే ఆధారం లేనప్పుడు 600 వరకు వాడుకోవచ్చు. అది తాగడం గురించి. గీజరు, వాషింగ్ మిషన్ సంగతికి వస్తే సుమారు 200 దాటాక గార బాగా కనిపిస్తుంది. 300 లోపు ఉంటే ఇంటి మొత్తానికి సాఫ్టెనర్ పెట్టమని నేను ఎవరికీ చెప్పను. ఏడాదికోసారి గీజర్ విప్పి శుభ్రం చేయించుకుంటే సరిపోతుంది. మీకు మూడేళ్లలో రెండు కాయిల్స్ పోయాయంటే 500 దాటే ఉంటుందని నా అంచనా, కానీ అంచనాతో కొనకండి.

రిపోర్టులో ఇనుము, ఫ్లోరైడు ఎందుకు చూడమన్నానో చెప్తాను. మిషన్ లోపల ఉండే రెజిన్ అంటే సన్నటి ప్లాస్టిక్ గింజలు, చేప గుడ్ల లాగా ఉంటాయి. ఒక్కో గింజ సోడియాన్ని పట్టుకుని ఉంటుంది. నీళ్లు వాటి మధ్య నుంచి పోతున్నప్పుడు కాల్షియం, మెగ్నీషియాన్ని పట్టుకుని సోడియాన్ని వదిలేస్తాయి. గింజలు నిండిపోయాక చిక్కటి ఉప్పునీళ్లు పంపితే పట్టుకున్నదంతా వదిలి మళ్లీ సోడియం ఎక్కించుకుంటాయి. దీన్నే రీజెనరేషన్ అంటారు. నీళ్లలో ఇనుము ఉంటే అది గింజల మీద తుప్పులా పట్టేస్తుంది, ఉప్పునీళ్లతో పూర్తిగా వదలదు. అందుకని బకెట్ అడుగున ఎర్రటి మరక పడే నీళ్లయితే ముందు ఇనుము తీసే ఫిల్టర్, ఆ తర్వాతే సాఫ్టెనర్. ఫ్లోరైడు, నైట్రేటు ఈ రెజిన్‌కు అసలు చిక్కవు. నల్గొండ వైపు మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల నుంచో, కనిగిరి వైపు నుంచో ఇది చదివేవాళ్లుంటే దయచేసి గుర్తుపెట్టుకోండి, సాఫ్టెనర్ నీళ్లు ఫ్లోరైడు నుంచి కాపాడవు.

ఇప్పుడు సైజు. లీటరు రెజిన్ ఒక్కో రీజెనరేషన్ మధ్య సుమారు 50 గ్రాముల హార్డ్‌నెస్ పట్టుకుంటుంది, అదీ లీటరు రెజిన్‌కు 120 గ్రాముల లెక్కన ఉప్పు వేస్తే. మీ హార్డ్‌నెస్ 600 వచ్చిందనుకుందాం. ఐదుగురికి రోజుకు వెయ్యి లీటర్లు వేసుకోండి. లీటరుకు 0.6 గ్రాము చొప్పున రోజుకు 600 గ్రాములు. 25 లీటర్ల రెజిన్ ఉన్న చిన్న మిషన్ పెడితే 1,250 గ్రాములు, అంటే రెండు రోజులకోసారి రీజెనరేషన్. అది మనుషులు చేయగలిగే పని కాదు. మొదటి నెల చేస్తారు, రెండో నెల మర్చిపోతారు, మూడో నెల నుంచి మిషన్ ఊరికే నీళ్లు పోయే గొట్టంలా మిగిలిపోతుంది. 50 లీటర్ల రెజిన్ అయితే నాలుగు రోజులు వస్తుంది. ఒక్కో రీజెనరేషన్‌కు 6 కేజీల ఉప్పు. నెలకు ఏడెనిమిదిసార్లు, అంటే సుమారు 50 కేజీల బస్తా. డీలర్లు మిషన్ ధర చెబుతారు గానీ ఈ బస్తా సంగతి చెప్పరు. ప్రతి నెలా బస్తా ఎవరు మోస్తారు, ఎక్కడ పెడతారు అని ముందే ఇంట్లో మాట్లాడుకోండి.

50 లీటర్ల రెజిన్‌కు నేను 12×48 అంగుళాల వెసెల్ (రెజిన్ పోసే ఫైబర్ సిలిండర్) వాడతాను. 10×54లో కూడా 50 లీటర్లు కుక్కి ఇచ్చేవాళ్లున్నారు. అలా మూతిదాకా నింపితే బ్యాక్‌వాష్ (కింది నుంచి పైకి నీళ్లు తోసి కడగడం) చేసేటప్పుడు గింజలు పైకి లేవడానికి చోటు ఉండదు, మడ్డి బయటికి పోదు. రెజిన్ మట్టానికి పైన కనీసం మూడో వంతు ఖాళీ ఉండాలి. కొటేషన్‌లో 'వెయ్యి లీటర్ల మిషన్', 'రెండు వేల లీటర్ల మిషన్' అని రాస్తే ఒప్పుకోకండి. వెసెల్ సైజు ఎంత, రెజిన్ ఎన్ని లీటర్లు, ఏ కంపెనీది, ఈ మూడూ రాయించుకోండి.

ఇక ఎక్కడ పెట్టాలనేది. ఎక్కువ ఇళ్లలో తప్పు ఇక్కడే జరుగుతుంది, అందుకే వివరంగా రాస్తాను.

డాబా మీది ట్యాంకు నుంచి కిందికి దిగే లైనులో సాఫ్టెనర్ పెడితే నీళ్లు వాటంతట అవే దిగాలి. పది మీటర్ల ఎత్తు ఉంటేనే (చదరపు సెంటీమీటరుకు) ఒక కేజీ ప్రెషర్. మీ ట్యాంకు మట్టానికీ పై అంతస్తు షవర్‌కూ మధ్య ఉన్నది మూడు మీటర్లే, అంటే కేజీలో మూడో వంతు కూడా లేదు. ఆటోమేటిక్ వాల్వు ఉప్పునీళ్లను లోపలికి పీల్చుకోవాలంటే కేజీన్నర నుంచి రెండు కేజీల ప్రెషర్ ఉండాలి. మీ డీలర్ చెప్పిన చోట పెడితే ఉప్పు పక్కన పెట్టిన డ్రమ్ములోనే ఉండిపోతుంది, షవర్‌లో ధార సన్నబడుతుంది. దానికి మందుగా ప్రెషర్ పంపు అమ్ముతారు. ప్రెషర్ పంపు పెట్టుకునే ఉద్దేశం మీకు ముందే ఉంటే అది సరైన పద్ధతే, షవర్లు కూడా బాగా వస్తాయి. కానీ కరెంటు పోతే నీళ్లు ఆగకుండా పంపుకు బైపాస్ పెట్టించాలి. పైగా మన ఎండలు చూడండి. ఫైబర్ వెసెల్‌కు 50 డిగ్రీల లోపు పరిమితి ఉంటుంది. మే నెలలో డాబా మీద నీడ లేకుండా నిలబెడితే అది దాటిపోవడానికి ఎంతోసేపు పట్టదు. డాబా మీద పెడితే రేకుల నీడ తప్పనిసరి.

మీ ఇంటికి నేనైతే కింద, సంపు మోటారుకూ డాబా ట్యాంకుకూ మధ్య పెడతాను. మోటారుకు ఎలాగూ ప్రెషర్ ఉంటుంది, వేరే పంపు అక్కర్లేదు, ఉప్పు బస్తా మెట్లెక్కించే పనిలేదు, ట్యాంకులోకి ఎక్కేవే మెత్తటి నీళ్లు. ఇక్కడ చూసుకోవాల్సింది వేగం. 50 లీటర్ల రెజిన్ గంటకు రెండు వేల లీటర్ల దాకా సరిగ్గా పనిచేస్తుంది. అంతకంటే వేగంగా పోతే కాల్షియం కొంత పట్టుబడకుండా జారిపోతుంది. ఒక హెచ్‌పీ మోటారు మీ ఎత్తుకు గంటకు మూడు వేలు పైనే పోయగలదు. కొలవడం తేలిక. ట్యాంకు దగ్గర పైపు కింద 20 లీటర్ల బకెట్ పెట్టండి. 24 సెకన్లలో నిండితే గంటకు మూడు వేలు. మిషన్ తర్వాత గేట్ వాల్వు కొంచెం మూసి, బకెట్ 40 సెకన్లలో నిండేలా చేస్తే 1,800 అవుతుంది, అది చాలు. ట్యాంకు నిండడానికి అరగంట పైగా పడుతుంది, అంతే తేడా.

బోరు మోటారుకే నేరుగా మిషన్ తగిలిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. లోతైన బోర్లలోని సబ్‌మెర్సిబుల్ మోటారు వాల్వు మూసి ఉన్నప్పుడు ఎనిమిది, పది కేజీల ప్రెషర్ దాకా తోయగలదు. మిషన్ మీద ఉండే, చేతితో తిప్పే మల్టీపోర్ట్ వాల్వులు చాలావాటికి మూడున్నర కేజీలే పరిమితి. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఒక ఇంట్లో అలాగే బిగించాం. మూడో రోజు పొద్దున డాబా ట్యాంకు నిండి ఫ్లోట్ వాల్వు మూసుకుంది, మోటారు ఆగలేదు, వెసెల్ మెడ దగ్గర పగిలి రెజిన్ అంతా వాకిట్లో పరుచుకుంది. ఆ ఇంటి పెద్దాయన ఒక్క మాట కూడా అనలేదు. ఆ గింజలు ఏరుతూ నేను పడ్డ సిగ్గు ఇప్పటికీ గుర్తుంది. బోరులోంచి ఇసుక కూడా వస్తుంది, అది సంపు అడుగున దిగాలి, మిషన్‌లోకి రాకూడదు.

ఆటోమేటిక్ కావాలా, చేతితో తిప్పేది కావాలా అన్నది కూడా దీని మీదే ఆధారపడుతుంది. ఆటోమేటిక్ వాల్వుల్లో రీజెనరేషన్ టైము అర్ధరాత్రి రెండు గంటలకు పెట్టి ఉంటుంది, ఆ వేళ ఇంట్లో నీళ్లు వాడరని. మరి సంపు మోటారు లైనులో పెడితే రెండు గంటలకు మోటారు ఆగి ఉంటుంది. వాల్వు తన పాటికి తిరుగుతుంది, లోపల నీళ్లు కదలవు, ఉప్పు పీల్చదు. ఉదయానికి స్క్రీన్ మీద రీజెనరేషన్ అయిపోయిందని చూపిస్తుంది, నీళ్లు మాత్రం గట్టిగానే ఉంటాయి. 'ఆటోమేటిక్ మిషన్ పనిచేయడం లేదు' అని నాకు వచ్చే ఫోన్లలో చాలావాటికి కారణం ఇదే. పరిష్కారం రెండు రకాలు. ఆటోమేటిక్ పెడితే రీజెనరేషన్ మొదలైనప్పుడు మోటారు కూడా దానంతట అదే ఆన్ అయ్యేలా రిలే స్విచ్ పెట్టించాలి, లేదా మీరు రోజూ మోటారు వేసే వేళకు దాని టైము మార్చి, ఆ గంటన్నర మోటారు నడిచేలా చూడాలి. టైము బట్టి కాకుండా నీళ్ల లీటర్లు లెక్కపెట్టి తిరిగే మీటరు రకమే తీసుకోండి. లేదంటే చేతితో తిప్పే వాల్వు. నాలుగు రోజులకోసారి గంట పని. ఇంట్లో శ్రద్ధగా చేసే మనిషి ఒకరుంటే నా ఓటు దీనికే, ఎందుకంటే ఇందులో చెడిపోవడానికి పెద్దగా ఏమీ ఉండదు.

ఇప్పుడు ఏ నీళ్లు మెత్తబరచాలి, ఏవి అక్కర్లేదు. లీటరుకు 100 మిల్లీగ్రాముల హార్డ్‌నెస్ తీస్తే 46 మిల్లీగ్రాముల సోడియం నీళ్లలో చేరుతుంది. 600 తీస్తే 276. రోజుకు మూడు లీటర్లు తాగితే 800 మిల్లీగ్రాములు పైన. రోజు మొత్తానికి సోడియం రెండు గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కాబట్టి తాగడానికీ వంటకూ ఈ నీళ్లు వాడకండి, ముఖ్యంగా బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే. మీరు నల్లా నీళ్లు పట్టుకుంటున్నారు కదా, అదే కొనసాగించండి. ఆర్వో ఉన్న ఇంట్లో సాఫ్టెనర్ నీళ్లను ఆర్వోకు ఇవ్వవచ్చు. సోడియంలో ఎక్కువ భాగం అక్కడ పోతుంది, మెంబ్రేన్‌కు గార పట్టడమూ తగ్గుతుంది. మొక్కలకు ఈ నీళ్లు పోయకండి. సోడియం మట్టిని చవుడు చేస్తుంది. తులసి కోటకు కూడా సంపులోంచి బకెట్‌తో ముంచి పోయండి.

డాబా ఎక్కి ట్యాంకు నుంచి ఎన్ని పైపులు దిగుతున్నాయో చూడండి. మన వైపు కట్టిన చాలా ఇళ్లలో ఫ్లష్‌కు వేరే లైను ఉంటుంది. ఉంటే మీ అదృష్టం, ఆ లైనుకు చిన్న 500 లీటర్ల ట్యాంకు ఒకటి పెట్టి దానికి మామూలు బోరు నీళ్లు ఎక్కించండి. రోజుకు వెయ్యి లీటర్ల బదులు 700 లీటర్లే మెత్తబరచాలి. రోజుకు 420 గ్రాములు, అదే మిషన్ ఆరు రోజులు వస్తుంది, ఉప్పు నెలకు 30 కేజీలకు దిగుతుంది. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే ఈ రెండో లైను ఇప్పుడే వేయించండి. టైల్స్ అయ్యాక దాని ఖర్చు పదింతలు.

బిగించేటప్పుడు మీరు దగ్గరుండి చూడాల్సినవి కొన్ని. మోటారు తర్వాత ఎన్ఆర్‌వీ (నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వు), ఆ తర్వాత మడ్డి పట్టే జంబో ఫిల్టర్, ఆ తర్వాత మిషన్. మిషన్‌కు మూడు బాల్ వాల్వులతో బైపాస్, రెండు వైపులా యూనియన్లు (విప్పి బిగించే జాయింట్లు), అప్పుడు రిపేరు వస్తే ఇల్లంతా నీళ్లు ఆపక్కర్లేదు. ముందూ వెనకా ఒక్కో ప్రెషర్ గేజ్, ఒక్కో చిన్న ట్యాపు పెట్టించండి. రెండు గేజీల మధ్య తేడా అర కేజీ దాటితే రెజిన్‌లో మడ్డి చేరిందని తెలుస్తుంది. రెజిన్ పోసే ముందు మధ్య గొట్టం మూతికి టేపు చుట్టాలి. ఇది మర్చిపోతే గింజలు గొట్టంలోకి పోయి, అక్కడి నుంచి మీ షవర్లలోకి వస్తాయి. వెసెల్‌లో ముందు మూడో వంతు నీళ్లు పోసి, అడుగున గులకరాళ్లు, వాటి మీద రెజిన్ మెల్లగా. కొత్త రెజిన్ సోడియంతోనే వస్తుంది, మొదటిసారి ఉప్పు అక్కర్లేదు. డ్రైన్‌లో రంగు పోయి తేటనీళ్లు వచ్చేదాకా బ్యాక్‌వాష్ చేస్తే చాలు. 12 అంగుళాల వెసెల్‌కు బ్యాక్‌వాష్ గంటకు 800 లీటర్లు, అంటే 20 లీటర్ల బకెట్ నిండడానికి ఒకటిన్నర నిమిషం పట్టాలి. చేతి వాల్వు మిషన్‌లో మోటారు పూర్తి జోరుతో బ్యాక్‌వాష్ చేస్తే ఖరీదైన రెజిన్ కాలువలో పోతుంది. డ్రైన్ పైపు చివర మోరీ నీళ్లలో మునగకూడదు, రెండంగుళాల ఖాళీ ఉండాలి.

ఉప్పు విషయంలో ఒక్క మాట. అయోడిన్ కలిపిన సన్న ఉప్పు వద్దు. దొడ్డుప్పు వాడొచ్చు గానీ తెల్లగా, కడిగిన రకం చూసి తీసుకోండి. ఉప్పుమడి నుంచి నేరుగా వచ్చిన చౌక రకంలో మట్టితో పాటు మెగ్నీషియం కూడా ఉంటుంది. మనం రెజిన్ నుంచి వదిలించాలనుకునేదే అది. టాబ్లెట్ ఉప్పు ఖరీదు ఎక్కువ, కానీ డ్రమ్ములో బురద చేరదు. లీటరు నీళ్లలో సుమారు 360 గ్రాములు కరుగుతుంది కాబట్టి 6 కేజీలకు ఇరవై లీటర్ల నీళ్లు పోసి ముందు రోజు రాత్రే నానబెట్టండి. చేతి వాల్వు అయితే పది నిమిషాలు బ్యాక్‌వాష్, ముప్పావు గంట ఉప్పునీళ్లు పీల్చి మెల్లగా కడగడం, పది నిమిషాలు జోరుగా కడగడం. చివర వచ్చే నీళ్లలో కిట్ ఇండికేటర్ వేయగానే నేరుగా నీలం రావాలి, నాలుక మీద ఉప్పగా ఉండకూడదు.

ఇప్పుడు చెప్పేది మిషన్ కంటే ముఖ్యం. ఒక్కో రీజెనరేషన్‌కు నాలుగు వందల లీటర్ల దాకా నీళ్లు బయటికి పోతాయి. వాటితో పాటు మీరు వేసిన 6 కేజీల ఉప్పులోని క్లోరైడు మొత్తం, అంటే మూడున్నర కేజీలు పైన, పోతుంది. అది ఎక్కడికీ మాయమవదు. మీ కాలనీలో అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ ఉంటే దాంట్లోకే కలపండి. ఇంకుడు గుంతలోకి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి. రెండేళ్ల క్రితం ఒక డూప్లెక్స్ ఇంటికి వెళ్లాను. మిషన్ బిగించినవాళ్లు దగ్గరగా ఉందని డ్రైన్ పైపును ఇంకుడు గుంతలోకి దింపారు. బోరు అక్కడికి పన్నెండు అడుగుల దూరం. ఏడాదిన్నరలో ఆ బోరు టీడీఎస్ 900 నుంచి 2,000 దాటింది. పక్కింటివాళ్ల బోరు కూడా ఉప్పెక్కింది, వాళ్ల ఇంట్లో సాఫ్టెనరే లేదు. ఇంటామె నీళ్లు నోట్లో పోసుకుని 'ఇది మా బోరేనా' అని అడిగితే నాకు సమాధానం చెప్పడానికి మనసు రాలేదు. రాతి పగుళ్లలో నిలిచే నీళ్లు మనవి, ఒకసారి ఉప్పెక్కితే కడగడం మన చేతుల్లో ఉండదు.

మీ వీధికి ఇంకా డ్రైనేజీ రాలేదు, సెప్టిక్ ట్యాంకూ సోక్ పిట్టే (ఆ నీళ్లు భూమిలోకి ఇంకే గుంత) ఉన్నాయి అంటే, ఇంటి మొత్తానికి సాఫ్టెనర్ ఇప్పుడు పెట్టకండి అని చెప్తాను. బాధగానే చెప్తాను, మీ గీజర్ కష్టం నాకు తెలుసు. అప్పుడు ఉప్పు తగ్గించే దారులు వెతకాలి. నల్లా కనెక్షన్‌ను సంపులోకి కలిపే వీలుంటే చూడండి. మంజీరా, కృష్ణా నీళ్లు మీ బోరు నీళ్ల కంటే ఎంతో మెత్తన. సగం సగం కలిస్తేనే హార్డ్‌నెస్ చాలావరకు దిగిపోతుంది, కొన్ని ఇళ్లలో ఇక మిషనే అక్కర్లేదు. వాన నీళ్లు ఇంకా మేలు, వాటిలో హార్డ్‌నెస్ దాదాపు సున్నా. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద అది 74 వేల లీటర్లు. ఎనభై శాతం పట్టినా 59 వేలు. మొదటి వాన నీళ్లు వదిలేసి, తర్వాతవి ఇసుక ఫిల్టర్ గుండా సంపులోకి మళ్లిస్తే జూన్ నుంచి అక్టోబరు దాకా మీ బోరు ఊపిరి పీల్చుకుంటుంది. డ్రైనేజీ ఉండి మిషన్ పెట్టుకునేవాళ్లకు ఉప్పు తగ్గించే ఇంకో దారి, మెత్తటి నీళ్లలో పదో వంతు మామూలు బోరు నీళ్లు బైపాస్ నుంచి కలపడం. 600 ఉన్నచోట అప్పుడు 60 వస్తుంది, గీజర్‌కు అది చాలు, ఉప్పు వాడకం పదో వంతు తగ్గుతుంది, ఒంటికి జారుడూ తగ్గుతుంది.

పైపుకు చుట్టే అయస్కాంతాలు, ఎలక్ట్రానిక్ తీగల గురించి కూడా అడిగారు. ముందూ తర్వాతా కిట్‌తో చూస్తే అదే అంకె వస్తుంది, నేను డబ్బు పెట్టమని చెప్పను. వాషింగ్ మిషన్ ముందు పెట్టే చిన్న ఫాస్ఫేట్ గింజల ఫిల్టర్ కాల్షియాన్ని తీయదు, గార గట్టిపడకుండా కొంత అడ్డుకుంటుంది. అద్దె ఇళ్లవాళ్లకు అది ఫర్వాలేదు. గీజర్ వేడికి మాత్రం అంతగా నిలవదు.

బిగించాక గీజర్ ఒకసారి విప్పించి పాత గార తీయించండి, సాఫ్టెనర్ పాత గారను అంత తొందరగా కరిగించదు. షవర్ తలలు, ట్యాపు జాలీలు గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు వేసి రాత్రంతా నానబెడితే శుభ్రపడతాయి. మార్బుల్ మీద ఆ నీళ్లు పడనివ్వకండి. గీజర్ లోపలి మెగ్నీషియం రాడ్ మెత్తటి నీళ్లలో త్వరగా అరగవచ్చు, ఏడాదికోసారి చూపించండి. స్నానం చేశాక ఒళ్లు జారుతున్నట్టు ఉంటే భయపడకండి, సబ్బు సగానికి తగ్గించండి, వాషింగ్ పౌడరూ అంతే. మీ ఆవిడకు జుట్టు రాలడం ఆగుతుందా అని అడిగారు. జుట్టు బిరుసు తగ్గుతుందని చాలామంది నాతో చెప్పారు. రాలడానికి వేరే కారణాలు ఎన్నో ఉంటాయి, దానికి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, మిషన్ మీద ఆ ఆశ పెట్టుకోకండి.

డీలర్‌కు ఇంకా డబ్బు ఇవ్వలేదన్నారు కాబట్టి ఈ వారం మూడు పనులు చేయండి. బోరు నీళ్లు ల్యాబ్‌కు ఇవ్వండి, డాబా మీది పైపుల ఫోటో ఒకటి తీయండి, మీ ఇంటి వాడుక నీళ్లు చివరికి డ్రైనేజీలోకి పోతున్నాయా సోక్ పిట్‌లోకా కనుక్కోండి. రిపోర్టులోని హార్డ్‌నెస్, ఇనుము అంకెలతో ఈ మూడూ ఇక్కడే పెట్టండి. రెజిన్ ఎన్ని లీటర్లు కావాలో, పైపులు ఎలా వెళ్లాలో మీ ఇంటికి సరిపోయేలా గీసి పెడతాను.